హువాయి నదికి ఉత్తరాన

ఈ మధ్య ఏటా ఆగస్టు నెల చివర్లో పత్రికల్లో ఒక వార్త వస్తోంది. ఢిల్లీ గాలి ఇలాగే ఉంటే అక్కడివాళ్ల ఆయుష్షులో ఎనిమిదేళ్లకు పైగా కోత పడుతుందని, దేశం మొత్తం మీద చూస్తే సగటున మూడున్నరేళ్లు పోతున్నాయని ఆ వార్త సారాంశం. షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రపంచంలోని ప్రతి దేశానికీ, మన దేశంలో ప్రతి జిల్లాకూ వేసే లెక్క అది. చదివి కొందరు గుండెలు బాదుకుంటారు. కొందరు నమ్మరు. నమ్మకపోవడానికి కారణం లేకపోలేదు. ఫలానా మనిషి పొగ పీల్చినందువల్ల మూడేళ్లు ముందుగా పోయాడని ఏ డాక్టరూ మరణ ధ్రువీకరణ పత్రంలో రాయడు. గుండెపోటు అని రాస్తాడు, పక్షవాతం అని రాస్తాడు, న్యుమోనియా అని రాస్తాడు. మరి ఏళ్లకు ఏళ్లు లెక్కకట్టి చెప్పేవాళ్లు దాన్ని ఎక్కడ కొలిచారు? ఎవరి మీద కొలిచారు?

జవాబు చైనాలో ఉంది. ఒక నదికి అటూ ఇటూ బతికిన కోట్లాది మంది జీవితాల్లో ఉంది.

ఆ నది పేరు హువాయి. చైనా పటంలో పైన పసుపు నది, కింద యాంగ్జీ నది కనిపిస్తాయి. ఆ రెండు మహానదుల నడుమ హెనాన్, అన్‌హుయి, జియాంగ్సు రాష్ట్రాల మీదుగా సుమారు వెయ్యి కిలోమీటర్లు పారే నది ఇది. దీనికి పడమటగా చిన్‌లింగ్ పర్వతాలు. నదినీ పర్వతాలనూ కలిపి ఒక గీత గీస్తే, చైనావాళ్ల దృష్టిలో అదే ఉత్తరానికీ దక్షిణానికీ సరిహద్దు. గీతకు పైన గోధుమ రొట్టెలు, నూడుల్స్ తినేవాళ్లు, కింద వరి అన్నం తినేవాళ్లు. నదికి దక్షిణాన తియ్యగా పండే నారింజ ఉత్తరాన నాటితే చేదెక్కుతుందని వాళ్లలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలుండే రేఖ కూడా ఇంచుమించు ఇక్కడే పోతుంది. పైన గడ్డకట్టే చలి, కింద కాస్త తక్కువ చలి.

1950లలో చైనా ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. చలికాలంలో జనానికి ఇళ్లలో వెచ్చదనం కల్పించాలి. మంచి ఉద్దేశమే. కానీ దేశం అప్పుడు పేదది, అందరికీ ఇచ్చేంత బొగ్గూ లేదు, బాయిలర్లకు డబ్బూ లేదు. అందుకని హువాయి గీతనే కొలబద్దగా పెట్టుకున్నారు. గీతకు ఉత్తరాన ఉన్న నగరాల్లో ఇళ్లకూ ఆఫీసులకూ చలికాలం అంతా బొగ్గు ఉచితం. దక్షిణాన అసలు సరఫరాయే లేదు. నాన్‌జింగ్, షాంఘై లాంటి ఊళ్లలో చలి లేదని కాదు. అక్కడ ఇంట్లో కూడా దూది కోట్లు వేసుకుని కూర్చోవలసిందే. గీతకు ఏ పక్క ఉన్నాం అన్నదాన్ని బట్టి కుటుంబాల బతుకు మారిపోయింది.

ఉత్తరాది నగరంలో ఆ వెచ్చదనం ఎలా తయారయ్యేదో కాస్త దగ్గరగా చూడాలి. నాలుగైదు భవనాలకు కలిపి ఒక బాయిలరు గది. పక్కన నల్లగా బొగ్గు కుప్ప. పనివాడు పారతో బొగ్గు ఎగదోస్తుంటే కాగిన నీళ్లు గొట్టాల గుండా ఇళ్లలోని ఇనుప రేడియేటర్లకు వెళ్లేవి. బీజింగ్‌లో నవంబరు 15న వెలిగిస్తే మార్చి 15 దాకా ఆ మంట ఆరదు. ఇంట్లో వేడిని తగ్గించుకోవడానికి చాలా చోట్ల రేడియేటరుకు మర ఉండేది కాదు. మీటరూ లేదు. ఖర్చు పనిచేసే సంస్థ భరించేది, ఆ తర్వాతి కాలంలో బిల్లు వచ్చినా ఇంటి వైశాల్యాన్ని బట్టి వచ్చేది తప్ప వాడకాన్ని బట్టి కాదు. ఉక్కపోస్తే జనం కిటికీ తెరిచేవాళ్లు. బయట మంచు, లోపల రేడియేటరు, మధ్యలో తెరిచిన కిటికీ. ఆ కిటికీలోంచి బయటికి పోయిన ప్రతి డిగ్రీకీ బాయిలరులో ఇంకాస్త బొగ్గు కాలేది. బాయిలర్లు చిన్నవి, పొగగొట్టాలు పొట్టివి, బొగ్గు పూర్తిగా కాలేది కాదు. వచ్చిన పొగ ఎక్కడికో ఎగిరిపోకుండా ఆ వీధుల మీదే పరుచుకునేది.

గొట్టాలు చేరని పేటల్లో, పల్లెల్లో ఇంటింటికీ పొయ్యి. బొగ్గు పొడిని మట్టితో కలిపి, నిలువునా బెజ్జాలున్న గుండ్రటి దిమ్మెల్లా అచ్చుపోసి అమ్మేవాళ్లు. నడవాలో గోడవారగా వాటిని పేర్చుకుని, ఒకటి ఆరిపోయే వేళకు పట్టకారుతో ఇంకొకటి పైన పెట్టుకునేవాళ్లు. రాత్రంతా ఆ పొయ్యి పక్కనే పిల్లల పడక.

ఇలా దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి. ఉచిత బొగ్గు పద్ధతి 1980 తర్వాత మారినా, అది నిలబెట్టిన బాయిలర్లు, గొట్టాలు, అలవాట్లు అక్కడే ఉండిపోయాయి.

ఇంకో పక్క, గాలిలోని మసికీ మరణానికీ ఉన్న సంబంధం గురించి శాస్త్రవేత్తలు కుస్తీ పడుతున్నారు. లండన్‌లో 1952 డిసెంబరులో అయిదు రోజుల పాటు కమ్మిన పొగమంచు వేలమందిని బలితీసుకున్న సంగతి ప్రపంచానికి తెలుసు. శవపేటికలు చాలనంత మరణాలు కాబట్టి అందరి కంటా పడింది. అలా ఒక్కసారిగా విరుచుకుపడకుండా, రోజూ కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పీల్చే గాలి సంగతేమిటి? హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికాలో ఆరు ఊళ్లను ఎంచుకుని ఎనిమిది వేల పైచిలుకు పెద్దవాళ్లను 14 నుంచి 16 ఏళ్ల పాటు కనిపెట్టి చూశారు. 1993లో ఫలితాలు వచ్చాయి. ఉక్కు మిల్లుల ఊరు స్టూబెన్‌విల్‌లో ఉన్నవాళ్లకు, గాలి శుభ్రంగా ఉన్న పోర్టేజ్‌లో ఉన్నవాళ్లతో పోలిస్తే మరణ ప్రమాదం 26 శాతం ఎక్కువని తేలింది. పొగతాగే అలవాటు, బరువు, చదువు లాంటి తేడాలను లెక్కలోంచి తీసేశాక తేలిన సంగతి ఇది.

పరిశ్రమల వాళ్లు ఒప్పుకోలేదు. ఉక్కు మిల్లు ఊళ్లో బతికేవాళ్లకు ఇంకా ఏవో కష్టాలుంటాయి, పేదరికం ఉంటుంది, వాటివల్ల పోయారేమో అన్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. కాలుష్యం ఉన్నచోటే పేదవాళ్లు ఉంటారు, ప్రపంచమంతా అంతే. పేదరికం చంపిందా, పొగ చంపిందా అని విడదీసి చెప్పడం చాలా కష్టం.

అమెరికాలోని యూటా లోయలో ఈ చిక్కుముడి కొంత విడింది. అక్కడి జెనీవా ఉక్కు మిల్లు 1986 ఆగస్టు నుంచి 13 నెలలు మూతపడింది. కార్మిక వివాదం వల్లనే తప్ప ఎవరి ఆరోగ్యం కోసమో కాదు. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు ఆ ప్రాంతపు ఆస్పత్రుల రికార్డులు తిరగేశాడు. అదే ఊరు, అవే కుటుంబాలు, అదే చలికాలం. కానీ మిల్లు నడిచిన శీతకాలాల్లో దగ్గుతో, ఉబ్బసంతో ఆస్పత్రిలో చేరిన పిల్లలు, మిల్లు మూతపడ్డ శీతకాలంతో పోలిస్తే రెండు మూడు రెట్లు. మిల్లు తెరవగానే సంఖ్య మళ్లీ పెరిగింది. ఇక్కడ పేదరికం అనే సాకు చెల్లదు. అయితే 13 నెలల మూతతో ఆస్పత్రి చేరికలు తెలుస్తాయి కానీ, జీవితకాలం మొత్తం మీద ఎన్నేళ్లు తగ్గాయో తెలియదు.

అది తెలియాలంటే దశాబ్దాల పాటు కొన్ని కోట్ల మందిని మురికి గాలిలో, అలాంటివాళ్లనే మరికొన్ని కోట్ల మందిని కాస్త మంచి గాలిలో ఉంచి చూడాలి. అలాంటి ప్రయోగం ఎవరూ చేయకూడదు. తెలియకుండానే హువాయి గీత దగ్గర అది జరిగిపోయింది.

చైనా, అమెరికా, ఇజ్రాయెల్ దేశాలకు చెందిన నలుగురు ఆర్థికవేత్తలు యూయూ చెన్, అవ్రహామ్ ఎబెన్‌స్టైన్, మైఖేల్ గ్రీన్‌స్టోన్, హోంగ్బిన్ లీ ఈ సంగతి పట్టుకున్నారు. వాళ్ల ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. గీతకు బాగా దూరంగా ఉన్న ఊళ్లను పోల్చొద్దు, ఎందుకంటే వాతావరణం, తిండి, సంపాదన అన్నీ వేరు. గీతకు కాస్త పైన, కాస్త కింద ఉన్న ఊళ్లను పోల్చాలి. వాటి మధ్య తేడాలు చాలా తక్కువ, ప్రభుత్వం గీసిన గీత ఒక్కటే కొట్టొచ్చినట్టు తేడా. పైగా చైనాలో హుకోవు అనే నమోదు పద్ధతి ఉండేది. పుట్టిన ఊరిని వదిలి ఇంకో ఊరికి కాపురం మార్చడం సులువు కాదు. కాబట్టి అక్కడ చనిపోయినవాళ్లలో ఎక్కువమంది బతుకంతా అక్కడి గాలే పీల్చినవాళ్లు.

2013లో వచ్చిన వాళ్ల పత్రం సంచలనం అయింది. గీత దాటి ఉత్తరానికి అడుగుపెట్టగానే గాలిలో ధూళి కణాలు ఘనపు మీటరుకు 184 మైక్రోగ్రాములు ఒక్కసారిగా పెరిగాయి, అంటే 55 శాతం ఎక్కువ. ఆయుష్షు అయిదున్నరేళ్లు తక్కువ. ఉత్తరాదిలోని 50 కోట్ల మందికి కలిపి 250 కోట్ల జీవన సంవత్సరాలు పోయాయని రాశారు. నాకు ఆ పత్రంలో అన్నిటికన్నా నమ్మకం కలిగించేది ఈ పెద్ద అంకె కాదు. చావులకు కారణాలేమిటో విడదీసి చూశారు. గుండె జబ్బులు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి వాటితో పోయినవాళ్ల సంఖ్య గీత దగ్గర ఎగబాకింది. మసి గాలితో సంబంధం లేని మిగతా జబ్బుల మరణాలలో అలాంటి ఎగుడు కనబడలేదు. పేదరికమో, వైద్యం అందకపోవడమో అసలు కారణమైతే అన్ని రకాల మరణాలూ పెరగాలి. ఊపిరితో లోపలికి వెళ్లేది ఏ అవయవాలను దెబ్బతీస్తుందో ఆ అవయవాల జబ్బులే పెరిగాయి.

విమర్శలూ వచ్చాయి. ఆండ్రూ గెల్మన్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ఆ అయిదున్నర అనే అంకె వాళ్లు ఎంచుకున్న గణిత సూత్రం మీద బాగా ఆధారపడి ఉందని, సూత్రం మారిస్తే అంకె అంత గట్టిగా నిలబడదని చూపించాడు. మంచి విమర్శ అది. దాని తర్వాత ఎబెన్‌స్టైన్, గ్రీన్‌స్టోన్ కొత్త సహచరులతో కలిసి మళ్లీ మొదటినుంచి పని చేశారు. ఈసారి 154 నగరాలు, 2004 నుంచి 2012 దాకా ఇటీవలి కాలపు మరణాల వివరాలు, ఇంకా సన్నటి కణాల కొలతలు. 2017లో రెండో పత్రం వచ్చింది. పీఎం 10 అనే కణాలు ఉత్తరాన 46 శాతం ఎక్కువ, ఆయుష్షు 3.1 సంవత్సరాలు తక్కువ. అయిదున్నర కాస్తా మూడైంది. తగ్గిందని తేలిగ్గా తీసుకునే అంకె కాదది. వేరే కాలపు వివరాలతో, వేరే లెక్క పద్ధతితో వేసినా ఆ గీత దగ్గరే ఆయుష్షు పడిపోవడం మళ్లీ కనిపించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఆయుష్షు మూడేళ్లు తగ్గింది అంటే ప్రతి ఒక్కరూ 75కు బదులు 72కు పోతారని కాదు. అది సగటు. గుండె గట్టిగా ఉండి 90 దాటేవాళ్లు ఉంటారు. 48 ఏళ్లకే గుండెపోటుతో పోయి పిల్లల్ని, అప్పుల్ని వదిలిపోయే మనిషీ ఉంటాడు. అతడు పాతికేళ్లు పోగొట్టుకున్నాడు, పక్కింటివాడు ఏమీ పోగొట్టుకోలేదు. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు. మనం సగటు అని చదివే అంకె వెనక ఇలాంటి ఇళ్లు ఉంటాయి.

కణం శరీరంలో చేసే పని కూడా తెలుసుకోవాలి. పీఎం 2.5 అంటే అడ్డుకొలత రెండున్నర మైక్రాన్లకు మించని కణం. మన తలవెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తడి పెద్ద దుమ్మును పట్టుకుని తుమ్ముతోనో దగ్గుతోనో బయటికి పంపేస్తాయి. ఈ సన్న కణాన్ని ఆపలేవు. అది ఊపిరితిత్తుల చివరి గాలి బుడగల దాకా పోతుంది. అక్కడ వాపు మొదలవుతుంది. మరీ సన్నటివి రక్తంలోకి కూడా దిగుతాయి. రక్తనాళాల గోడలు గట్టిపడతాయి, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. అందుకే పొగ పీల్చినవాడు ఊపిరితిత్తుల జబ్బుతో కన్నా గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోవడం ఎక్కువ. ఇంట్లోవాళ్లకు పొగ మీద అనుమానం కూడా రాదు.

2017 పత్రంలోని ఫలితాన్ని పీఎం 2.5కు మార్చి షికాగో వాళ్లు ఒక సూత్రం తయారుచేశారు. ఘనపు మీటరుకు ప్రతి 10 మైక్రోగ్రాములు అదనంగా, జీవితమంతా పీలిస్తే ఆయుష్షు 0.98 సంవత్సరం, అంటే ఇంచుమించు ఏడాది తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన హద్దు 5 మైక్రోగ్రాములు. ఉపగ్రహాల ఆధారంగా వేసిన లెక్కలో ఢిల్లీలో 2023 సగటు 88 చుట్టూ ఉంది. అయిదు తీసేస్తే 83. దాన్ని పదేసి చొప్పున ఏడాదిగా మారిస్తే ఎనిమిదేళ్ల పైచిలుకు. పత్రికల్లో ఏటా వచ్చే అంకె ఇదే. ఢిల్లీ మీద వేసిన ఆ లెక్కకు పునాది హువాయి గట్టున చనిపోయినవాళ్లు.

చైనా కథ 2013 దగ్గర ఆగలేదు. నన్నడిగితే అసలు కథ అక్కడే మొదలవుతుంది.

బీజింగ్‌లోని అమెరికా రాయబార కార్యాలయం తన సిబ్బంది కోసమని 2008లో ఒక కొలిచే యంత్రం పెట్టి, గంటగంటకూ పీఎం 2.5 అంకెను ట్విట్టర్‌లో వేస్తూ వచ్చింది. ప్రభుత్వం అప్పటికి పీఎం 10 మాత్రమే ప్రకటించేది. బయట పొగమంచు అని అధికారులు అనేవాళ్లు, ఆ యంత్రం మాత్రం విషం అని చెప్పేది. 2013 జనవరి 12న దాని సూచిక 755 చూపించింది. ఆ కొలమానం గీతలు 500తో ఆగిపోతాయి, దాని పైన ఏం జరుగుతుందో రాసిపెట్టిన పట్టికే లేదు. విమానాలు ఆగాయి. ఆస్పత్రుల్లో పిల్లల వార్డులు నిండిపోయాయి.

ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. బీజింగ్, తియాన్‌జిన్, హెబెయ్ ప్రాంతంలో సన్న కణాలు 2017 నాటికి 25 శాతం తగ్గాలి, బీజింగ్ సగటు 60కి దిగాలి. మరుసటి మార్చిలో ప్రధాని లీ కచియాంగ్ కాలుష్యం మీద యుద్ధం ప్రకటిస్తున్నామని అన్నాడు. 74 నగరాల్లో పీఎం 2.5 కొలిచి ఏ గంటకాగంట బహిరంగంగా పెట్టడం అప్పటికే మొదలైంది. స్థానిక అధికారుల చేతిలోంచి కొలత పోయి యంత్రాల చేతికి వచ్చింది. దీని ఫలితం ఒకటి తప్పక చెప్పుకోవాలి. యంత్రాలు పెట్టగానే ప్రకటిత పీఎం 10 అంకెలు 35 శాతం పెరిగాయని గ్రీన్‌స్టోన్ బృందమే తర్వాత కనిపెట్టింది. గాలి రాత్రికి రాత్రి చెడలేదు. అంతకు ముందు పై అధికారుల మెప్పు కోసం అంకెలు తగ్గించి పంపేవాళ్లన్నమాట.

తర్వాత అయిదేళ్లలో జరిగినవి చాలా ఉన్నాయి, ముఖ్యమైనవి రెండు మూడు చాలు. బీజింగ్ నగరంలోని నాలుగు పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలను ఒకదాని తర్వాత ఒకటి మూసి గ్యాస్ కేంద్రాలు పెట్టారు. చివరిది 2017 మార్చిలో ఆగింది. హెబెయ్ ఉక్కు కొలుములు కొన్ని ఆపేశారు. 28 నగరాల పరిధిలో 30 లక్షలకు పైగా ఇళ్లలో బొగ్గు పొయ్యి తీసేసి గ్యాసో కరెంటో పెట్టాలని పూనుకున్నారు.

ఆ మూడోది దెబ్బతిన్నది. 2017 చలికాలం వచ్చేసరికి బొగ్గు పొయ్యిలు తీసేశారు కానీ గ్యాస్ గొట్టాలు కొన్ని ఊళ్లకు చేరలేదు. చేరినచోట గ్యాస్ చాలలేదు. హెబెయ్‌లో చూయాంగ్ అనే కౌంటీలో కొన్ని ప్రాథమిక పాఠశాలల గదుల్లో వేడి లేదు. బెంచీలు ఆరుబయట పెట్టుకుని ఎండపొడలో పిల్లలు చదువుకున్నారు. పెన్సిలు పట్టుకోవడానికి వేళ్లు కొంకర్లు పోయే చలి. ఆ వార్త బయటికి వచ్చి దేశమంతా గగ్గోలెత్తింది. డిసెంబరు మొదటి వారంలో పర్యావరణ మంత్రిత్వ శాఖ, మార్పిడి పూర్తికాని చోట్ల బొగ్గు కాల్చుకోవచ్చని అత్యవసరంగా ఉత్తర్వు ఇచ్చింది. ఇలాంటి సంగతిని విజయగాథ చెప్పేవాళ్లు దాటేస్తారు. దాటేయకూడదు. నగరవాసి ఊపిరి బాగుపడడానికి పల్లెలోని ఒకటో తరగతి పిల్ల వేళ్లు కొంకర్లు పోకూడదు. కొత్త పొయ్యి వెలిగిందని చూసుకున్నాకే పాత పొయ్యి తీయాలి. ఇది చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, కానీ లక్ష్యం అంకెలో ఉంటే ఆ అంకె కోసం మనుషుల్ని మర్చిపోవడం అధికార యంత్రాంగానికి ఏ దేశంలోనైనా అలవాటే.

అయినా గాలి మారింది. బీజింగ్‌లో పీఎం 2.5 సగటు 2013లో 89 పైన ఉంటే, 2017కు 58కి వచ్చింది. 2021లో 33కి దిగింది. చైనా జాతీయ ప్రమాణం 35. ఆ హద్దు లోపలికి బీజింగ్ రావడం అదే మొదటిసారి. దేశం మొత్తం మీద 2013 నుంచి 2021 లోపు సన్న కణాలు 40 శాతానికి పైగా తగ్గాయి. అదే హువాయి సూత్రంతో లెక్కవేస్తే సగటు చైనావాడికి ఆయుష్షు రెండేళ్లు తిరిగి వచ్చినట్టు. అమెరికాలో, ఇంగ్లండులో ఇంత తగ్గడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ రెండేళ్లు ఎవరూ మాస్కు కట్టుకుని సంపాదించుకోలేదు. ఇంట్లో గాలిని శుభ్రపరిచే యంత్రం కొనుక్కున్నవాళ్లు కొద్దిమంది ఉన్నారు, వాళ్లకు కొంత మేలు జరిగింది. కానీ 140 కోట్ల మంది పీల్చే గాలి మారింది బాయిలరు మారినందువల్ల, కొలిమి ఆగినందువల్ల, అంకె దాచడం కుదరనందువల్ల. ఇవన్నీ ప్రభుత్వ నిర్ణయాలు. ఉచిత బొగ్గు కూడా ప్రభుత్వ నిర్ణయమే.

మనం ఈ లెక్కలో ఎక్కడున్నాం? భారతదేశపు జాతీయ ప్రమాణం ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు. చైనా 35 కన్నా వదులు, ఆరోగ్య సంస్థ హద్దుకు ఎనిమిది రెట్లు. 2019 జనవరిలో జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం మొదలైంది. ప్రమాణం దాటిన నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఊళ్లు ఉన్నాయి. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, రాజమహేంద్రవరం అనుకుంటే ఆశ్చర్యం లేదు, అనంతపురం, శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ. గంగా మైదానంలోని ఊళ్లంత ఘోరంగా ఇవి లేవు, నిజమే. హిమాలయం అడ్డుగోడగా నిలబడి పొగను కదలనీయని దుస్థితి మనకు లేదు, తూర్పున సముద్రపు గాలి ఉంది. కానీ విశాఖ పాతపట్నంలో, జ్ఞానాపురంలో పోర్టు మీదుగా వచ్చే నల్ల దుమ్మును ఇంటి అరుగుల మీద తుడుచుకునే ఆడవాళ్లకు, ఢిల్లీ కన్నా మేలు అన్న మాట ఏ రకంగానూ ఓదార్పు కాదు.

శుద్ధ వాయు కార్యక్రమం డబ్బు ఎటు పోయిందో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం 2024లో లెక్కతీసింది. దాదాపు 64 శాతం రోడ్డు దుమ్ము మీద ఖర్చయింది. రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, నీళ్లు చల్లడం, ఊడ్చే యంత్రాలు కొనడం. పరిశ్రమల పొగ మీద పెట్టింది ఒక శాతం కన్నా తక్కువ. ఎందుకిలా జరిగిందంటే, నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10తో కొలిచారు. రోడ్డు దుమ్ము పెద్ద కణం. నీళ్లు చల్లితే పీఎం 10 తగ్గుతుంది, మార్కులు వస్తాయి. ఊపిరితిత్తుల అడుక్కు వెళ్లే సన్న కణం బొగ్గు మంటలోంచి, డీజిలు ఇంజన్‌లోంచి, చెత్త తగలబెట్టినచోటి నుంచి, వంట పొయ్యిలోంచి వస్తుంది. దాని మీద ట్యాంకరు నీళ్లు పనిచేయవు. రోడ్లు ఊడ్చడం తప్పు అనడం లేదు. కానీ ఆయుష్షును కోసే కణాన్ని కొలవకుండా, కొలిచినా దానికి లెక్క అడగకుండా ఎన్ని కోట్లు పోసినా ఆయుష్షు పెరగదు.

చైనా మొదట చేసిన పని కొలతను జనం ముందు పెట్టడం. ఆ పని మన దగ్గర సగం అయ్యింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ ఫోనులో పెట్టుకుంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో యంత్రాలు కొలుస్తున్న అంకెలు ఎవరైనా చూడొచ్చు. చూసేటప్పుడు పీఎం 10 పక్కనే పీఎం 2.5 ఉంటుంది, చూడవలసింది దాన్ని. ఒక్క రోజు అంకెతో కంగారు పడొద్దు, మురిసిపోవద్దు. ఏడాది సగటు అడగాలి. కార్పొరేటరు ఓట్లకు వచ్చినప్పుడు, పట్టణంలో పరిశ్రమ విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడు అడగాలి. పోయినేడు సగటు ఎంత, ఈ ఏడు ఎంత, ఏ పొగగొట్టం వల్ల ఎంత, వచ్చే ఏడు ఏది మూస్తారు, దాని బదులు ఏది వెలిగిస్తారు అని.